గోల్ఫ్: ఆట ఒకటే, లెక్కలు వేరు



కబడ్డీ, వాలీబాల్, ఖోఖో గురించి మన హాస్టల్‌లో ఎవరినడిగినా చెబుతారు. అందుకే మన మైదానంలో ఎన్నడూ ఆడని ఒక ఆట గురించి ఈసారి రాయాలని మేము అనుకున్నాం. అది గోల్ఫ్. "మనకెందుకురా ఆ డబ్బున్నోళ్ల ఆట?" అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గోల్ఫ్ కర్ర పట్టుకునే అవకాశం మనలో ఎంతమందికి వస్తుందో చెప్పలేం. కానీ ఆ ఆట మాటలు మాత్రం మనకు ఎదురవుతూనే ఉంటాయి. పేపర్లో ఆటల పేజీ తిరగేస్తే "మైనస్ 15తో నాలుగో స్థానం" అని ఉంటుంది. పోటీ పరీక్షల్లో "బర్డీ, బోగీ అనేవి ఏ ఆటకు సంబంధించినవి?" లాంటి బిట్లు వస్తుంటాయి. మేము పీజీలో చేరాక తోటి విద్యార్థుల మాటల్లో 'పార్', 'హ్యాండిక్యాప్' తరచుగా వినపడేవి. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం మాది. తెలియని మాట వచ్చినప్పుడు మనలాంటివాళ్లం మౌనంగా ఉండిపోతాం. ఆ మౌనాన్ని చూసి అవతలివాళ్లు మనకు తెలివి తక్కువ అనుకుంటారు. అందుకే ఈ వ్యాసం.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఆటలో పోటీ పెట్టే పద్ధతులు చాలా ఉన్నాయి. పద్ధతి మారితే విజేత కూడా మారిపోతాడు. ఎవడు బాగా ఆడాడో తేల్చే ముందు ఎలా లెక్కపెడుతున్నారో చూడాలన్న సంగతి గోల్ఫ్ నేర్పినంత బాగా మరే ఆటా నేర్పదని మాకనిపించింది.

ముందుగా నాలుగు మాటలు

గోల్ఫ్ మైదానాన్ని కోర్స్ అంటారు. సాధారణంగా అందులో 18 హోల్స్, అంటే 18 గుంతలు ఉంటాయి. ఈ 18 అనే అంకె స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ నుంచి వచ్చింది. అక్కడ 22గా ఉన్నవాటిని 1764లో 18కి తగ్గించారు. మన దేశానికీ ఈ ఆటతో పాత సంబంధమే ఉంది. 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్, బ్రిటిష్ దీవుల బయట ఉన్న గోల్ఫ్ క్లబ్బుల్లో అన్నిటికంటే పాతది. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన నయాఖిలా దగ్గర కూడా గోల్ఫ్ కోర్స్ ఉంది.

ఒక్కో గుంతకు 'పార్' అని ఒక లెక్క ఉంటుంది. మంచి ఆటగాడు ఆ గుంతలో బంతి వేయడానికి ఎన్ని దెబ్బలు కొట్టాలో చెప్పే అంకె అది. దూరాన్ని బట్టి 3, 4 లేదా 5 ఉంటుంది. 18 గుంతలూ కలిపితే మామూలుగా 70 నుంచి 72 దాకా వస్తుంది. పార్ కంటే ఒక దెబ్బ తక్కువలో వేస్తే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్, మూడు తక్కువైతే ఆల్బట్రాస్. ఒకటి ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ. గోల్ఫ్‌లో తక్కువ కొట్టినవాడే గొప్ప. బిళ్లంగోడులో ఎంత దూరం పోతే అంత లాభం. ఇక్కడ ఎన్ని దెబ్బలు మిగిలితే అంత లాభం.

1. స్ట్రోక్ ప్లే: ప్రతి దెబ్బా లెక్కే

అన్నిటికంటే తేలికగా అర్థమయ్యే పద్ధతి ఇది. మొదటి గుంత నుంచి చివరి గుంత దాకా కొట్టిన దెబ్బలన్నీ కూడతారు. ఎవరి మొత్తం తక్కువో వారే విజేత. పెద్ద పోటీల్లో ఇలా నాలుగు రోజులు, రోజుకు 18 చొప్పున 72 గుంతలు ఆడతారు. చాలా పోటీల్లో మొదటి రెండు రోజులు అయ్యాక వెనకబడినవాళ్లను ఇంటికి పంపేస్తారు. దీన్ని 'కట్' అంటారు.

ఒలింపిక్స్‌లో మన అదితి అశోక్ ఆడింది ఈ పద్ధతిలోనే. 2020 టోక్యో ఒలింపిక్స్ కరోనా వల్ల 2021లో జరిగాయి. 2021 ఆగస్టు 7న, అంటే నీరజ్ చోప్రా బల్లెం విసిరి బంగారు పతకం తెచ్చిన రోజునే, ఉదయం పూట మనలో చాలామంది మొదటిసారి గోల్ఫ్ చూశాం. అప్పటికి అదితి ప్రపంచ ర్యాంకు 200. అక్కడి కోర్స్ పార్ 71. నాలుగు రోజులకు కలిపి 284. అదితి మొత్తం 269 దెబ్బల్లో ముగించింది. అంటే పార్ కంటే 15 తక్కువ. పేపర్లో వచ్చిన "మైనస్ 15" అర్థం ఇదే. అమెరికాకు చెందిన నెల్లీ కోర్డా 267తో బంగారు పతకం గెలిచింది. 268 దగ్గర ఇద్దరు సమానంగా ఆగితే ప్లేఆఫ్ పెట్టి రజతం, కాంస్యం తేల్చారు. నాలుగు రోజుల ఆటలో అదితికి పతకానికీ మధ్య ఉన్న తేడా ఒకే ఒక్క దెబ్బ.

ఈ పద్ధతిలో చివరి గుంత దాకా ఏ ఆధిక్యమూ భద్రం కాదు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో అదితి మూడు రోజుల తర్వాత ఏడు దెబ్బల ముందుంది. చివరి రోజు 77 కొట్టడంతో బంగారం పోయి రజతం వచ్చింది. అయినా ఆసియా క్రీడల గోల్ఫ్‌లో పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమే. పురుషుల్లో 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లోనే లక్ష్మణ్ సింగ్ వ్యక్తిగత స్వర్ణం గెలిచారు, మన జట్టు కూడా స్వర్ణం గెలిచింది.

స్ట్రోక్ ప్లేలో ఆట ఎంత ముఖ్యమో కాగితం అంత ముఖ్యం. ఆటగాడి స్కోరు పక్కన ఆడేవాడు రాస్తాడు. ఆట అయ్యాక ఆటగాడు ఒక్కో గుంత సరిచూసుకుని సంతకం చేయాలి. ఏదైనా గుంతకు నిజంగా కొట్టినదానికంటే తక్కువ రాసి ఉన్న కార్డు మీద సంతకం చేస్తే పోటీ నుంచి తీసేస్తారు. ఎక్కువ రాసి ఉంటే ఆ ఎక్కువ అంకే ఖాయమవుతుంది. 1968లో అమెరికాలోని మాస్టర్స్ పోటీలో అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజో చివరి రోజు 65 కొట్టాడు. పక్కవాడు 17వ గుంత దగ్గర 3కు బదులు 4 అని రాశాడు. డి విసెంజో అది చూడకుండా సంతకం పెట్టాడు. 65 కాస్తా 66 అయింది. బాబ్ గోల్బీతో సమానమై ప్లేఆఫ్ ఆడవలసినవాడు ఒక్క దెబ్బ తేడాతో రెండో స్థానంలో మిగిలిపోయాడు. ఆ రోజు అతని పుట్టినరోజు కూడా. ఓఎంఆర్ షీటు మీద హాల్ టికెట్ నంబరు దిద్దేటప్పుడు ఈ కథ గుర్తు పెట్టుకోండి తమ్ముళ్లూ.

2. మ్యాచ్ ప్లే: గుంతకో యుద్ధం

ఇందులో మొత్తం దెబ్బలతో పని లేదు. ఇద్దరు ఎదురెదురుగా ఆడతారు. ఏ గుంతలో ఎవరు తక్కువ దెబ్బల్లో వేస్తే ఆ గుంత వారిది. సమానమైతే ఎవరికీ రాదు. ఎక్కువ గుంతలు గెలిచినవారే విజేత. ఒక గుంతలో 4కు బదులు 10 కొట్టినా పోయేది ఆ ఒక్క గుంతే.

ఇది అర్థం కావడానికి వాలీబాల్ తీసుకోండి. మూడు సెట్ల ఆటలో ఒక జట్టు మొదటి సెట్ 25-10తో గెలిచి, తర్వాతి రెండు 23-25, 23-25తో ఓడిందనుకుందాం. మొత్తం పాయింట్లు కూడితే ఆ జట్టుకు 71, అవతలి జట్టుకు 60. అయినా ఓడింది 71 వచ్చిన జట్టే. స్ట్రోక్ ప్లే అంటే పాయింట్లు కూడటం, మ్యాచ్ ప్లే అంటే సెట్లు లెక్కపెట్టడం.

మ్యాచ్ ప్లే ఫలితాన్ని "3 అండ్ 2" అని రాస్తారు. ఇంకా 2 గుంతలు మిగిలి ఉండగానే 3 గుంతల ఆధిక్యం వచ్చిందని దాని అర్థం. మిగిలినవి రెండూ గెలిచినా అవతలివాడు అందుకోలేడు కాబట్టి ఆట అక్కడితో ఆపేస్తారు. తప్పులకు శిక్ష కూడా వేరు. స్ట్రోక్ ప్లేలో మామూలు నియమం తప్పితే రెండు దెబ్బలు కలుపుతారు. మ్యాచ్ ప్లేలో ఆ గుంతే పోతుంది.

ఇందులో ఇంకో అందమైన విషయం ఉంది. అవతలివాడి బంతి గుంతకు బాగా దగ్గరగా ఉంటే, "ఇక కొట్టనక్కర్లేదు, పడినట్టే" అని వదిలేయవచ్చు. స్ట్రోక్ ప్లేలో ఇది కుదరదు, బంతి గుంతలో పడి తీరాలి. 1969 రైడర్ కప్‌లో అమెరికా ఆటగాడు జాక్ నిక్లస్, బ్రిటన్ ఆటగాడు టోనీ జాక్లిన్ చివరి గుంత దగ్గర ఉన్నారు. జాక్లిన్‌కు దాదాపు రెండు అడుగుల దెబ్బ మిగిలింది. అది తప్పితే అమెరికా గెలుస్తుంది. నిక్లస్ దాన్ని కొట్టనివ్వకుండానే పడినట్టు ఒప్పుకున్నాడు. పోటీ 16-16తో సమానంగా ముగిసింది. రైడర్ కప్ సమానంగా ముగియడం అదే మొదటిసారి.

మ్యాచ్ ప్లే పాత పద్ధతి. 1904 ఒలింపిక్స్‌లో వ్యక్తిగత పోటీ ఇలాగే జరిగింది. అమెరికా పీజీఏ ఛాంపియన్‌షిప్ కూడా 1957 వరకు మ్యాచ్ ప్లేగానే ఉండి 1958లో స్ట్రోక్ ప్లేకు మారింది.

3. స్టేబుల్‌ఫోర్డ్: డాక్టరు గారి మందు

స్ట్రోక్ ప్లేలో ఒక్క గుంతలో బోల్తా పడితే రోజంతా పాడైపోతుంది. మామూలు ఆటగాళ్లు అక్కడే నీరుగారిపోతారు. దీనికి ఉపాయం కనిపెట్టినవారు ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే బ్రిటిష్ డాక్టరు. 1932లో ఇంగ్లండ్‌లోని వాలసీ గోల్ఫ్ క్లబ్‌లో ఆయన పద్ధతిలో పోటీ జరిగింది.

ఇందులో దెబ్బలకు బదులు పాయింట్లు కూడతారు. డబుల్ బోగీ, అంతకంటే చెడ్డ ఆటకు 0. బోగీకి 1, పార్‌కు 2, బర్డీకి 3, ఈగిల్‌కు 4, ఆల్బట్రాస్‌కు 5. ఎక్కువ పాయింట్లు వచ్చినవారు గెలుస్తారు. ఒక గుంతలో ఎంత ఘోరంగా ఆడినా సున్నా కంటే కిందికి పోదు. ఇక పాయింటు రాదని తెలిశాక బంతి జేబులో వేసుకుని తర్వాతి గుంతకు నడవవచ్చు. దానివల్ల ఆట కూడా త్వరగా సాగుతుంది.

దీన్ని కొంత మార్చి 'మాడిఫైడ్ స్టేబుల్‌ఫోర్డ్' అని పెట్టారు. అమెరికాలో రెనో-తాహో ఓపెన్ 2012లో ఈ పద్ధతికి మారింది. ఆల్బట్రాస్‌కు 8, ఈగిల్‌కు 5, బర్డీకి 2, పార్‌కు 0, బోగీకి మైనస్ 1, డబుల్ బోగీ లేదా అంతకంటే చెడ్డ ఆటకు మైనస్ 3. నెగెటివ్ మార్కులున్న పరీక్షలాంటిదే, కానీ ఒక తేడా ఉంది. తప్పుకు పోయేదానికంటే ఒప్పుకు వచ్చేది ఎక్కువ కాబట్టి ధైర్యంగా కొట్టేవాడికి ఇది లాభం. ఏ పరీక్షలో తెగించి రాయాలో, ఏ పరీక్షలో వదిలేయాలో ఇలాగే మార్కుల పద్ధతి చూసి తేల్చుకోవాలి.

ఒకే కార్డు, ఇద్దరు విజేతలు

ఇప్పుడొక లెక్క చేద్దాం. లెక్కల పుస్తకంలోలాగా రాము, సోము అని ఇద్దరనుకుందాం. 9 గుంతలు, అన్నీ పార్ 4.

రాము: 4, 4, 4, 4, 9, 4, 4, 4, 4. మొత్తం 41.
సోము: 5, 5, 4, 4, 4, 5, 5, 4, 4. మొత్తం 40.

స్ట్రోక్ ప్లే అయితే సోము ఒక దెబ్బ తేడాతో గెలిచాడు.

మ్యాచ్ ప్లే అయితే 1, 2, 6, 7 గుంతలు రామువి. 5వది ఒక్కటే సోముది. ఏడో గుంత అయ్యేసరికి రాము మూడు ముందున్నాడు, మిగిలినవి రెండే. రాము "3 అండ్ 2"తో గెలిచాడు.

స్టేబుల్‌ఫోర్డ్ అయితే రాముకు ఎనిమిది పార్‌లకు 16, తొమ్మిది దెబ్బల గుంతకు 0. మొత్తం 16. సోముకు ఐదు పార్‌లకు 10, నాలుగు బోగీలకు 4. మొత్తం 14. ఇక్కడా రామే.

మూడు పద్ధతుల్లోనూ ఇద్దరూ కొట్టిన దెబ్బలు అవే. రాము నిలకడగా ఆడి ఒక్కచోట కూలాడు. సోము అక్కడక్కడా కొంచెం కొంచెం పోగొట్టుకుని ఎక్కడా కూలలేదు. ఎవడు మంచి ఆటగాడు? జవాబు పద్ధతిలో ఉంది. అందుకే ఏ పోటీకి పోయినా ముందు నియమాలు చదవాలని మేము పదే పదే చెబుతాం.

4. జంటగా ఆడే పద్ధతులు

గోల్ఫ్ ఒంటరి ఆట అనుకుంటాం కానీ జట్టు పద్ధతులూ ఉన్నాయి.

ఫోర్‌సమ్స్: ఇద్దరు జంటకు ఒకే బంతి. ఒకసారి ఒకరు, మరోసారి మరొకరు కొట్టాలి. బేసి గుంతల్లో మొదటి దెబ్బ ఒకరిది, సరి గుంతల్లో రెండోవారిది. నేను బంతిని పొదల్లో పడేస్తే అక్కడి నుంచి తీయాల్సింది నా జంట. స్నేహానికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఉండదేమో.

ఫోర్‌బాల్: ఇద్దరూ ఎవరి బంతి వాళ్లు ఆడతారు. ప్రతి గుంతలో ఇద్దరిలో మంచి స్కోరు జంటకు లెక్క. ఒకరు తడబడితే మరొకరు ఆదుకుంటారు.

స్క్రాంబుల్: జట్టులో అందరూ కొడతారు. అందులో బాగా పడ్డ బంతిని ఎంచుకుని, అక్కడి నుంచి మళ్లీ అందరూ కొడతారు. కొత్తవాళ్లు కూడా భయం లేకుండా ఆడవచ్చు. అందుకే విరాళాల కోసం, సరదా కోసం పెట్టే పోటీల్లో ఇది ఎక్కువ.

1927లో మొదలైన రైడర్ కప్‌లో ఇప్పుడు జట్టుకు 12 మంది, మొత్తం 28 పాయింట్లు. 8 ఫోర్‌సమ్స్‌కు, 8 ఫోర్‌బాల్‌కు, 12 ఒంటరి మ్యాచ్‌లకు. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో స్త్రీ పురుషులు కలిసి ఆడే జట్టు పోటీని కూడా చేర్చారు.

ఇవిగాక స్కిన్స్ అని ఒకటుంది. ఒక్కో గుంతకు ఇంత డబ్బు అని పెడతారు. ఎవరూ స్పష్టంగా గెలవకపోతే ఆ డబ్బు తర్వాతి గుంతకు కలుస్తుంది. టీవీ చూసేవాళ్లకు ఉత్సాహంగా ఉంటుంది.

5. హ్యాండిక్యాప్: దయ కాదు, లెక్క

మాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. నిన్న మొన్న నేర్చుకున్నవాడు, ఇరవై ఏళ్లుగా ఆడుతున్నవాడు కలిసి పోటీ పడితే ఫలితం ముందే తెలిసిపోతుంది. అప్పుడు అది పోటీ కాదు. అందుకని క్లబ్ పోటీల్లో ఒక్కో ఆటగాడికి అతని స్థాయిని బట్టి కొన్ని దెబ్బలు తగ్గిస్తారు. ఆ అంకెను హ్యాండిక్యాప్ అంటారు. కొట్టిన మొత్తాన్ని గ్రాస్ అని, తగ్గించాక మిగిలినదాన్ని నెట్ అని అంటారు.

2020 నుంచి దీనికి ప్రపంచమంతా ఒకే విధానం తెచ్చారు. ఆటగాడి చివరి 20 రౌండ్లలో మంచివి 8 తీసుకుని సగటు కడతారు. ఊరికే అంకెలు కాదు, ఆ కోర్స్ ఎంత కష్టమో కూడా కలిపి లెక్క వేస్తారు. కష్టమైన కోర్స్‌లో ఎక్కువ దెబ్బలు ఇస్తారు, తేలికైన కోర్స్‌లో తక్కువ. గరిష్ఠంగా 54 వరకు ఇవ్వవచ్చు. ఆట మెరుగైతే హ్యాండిక్యాప్ దానంతట అదే తగ్గుతుంది. మ్యాచ్ ప్లేలో, స్టేబుల్‌ఫోర్డ్‌లో ఆ దెబ్బలు ఏ గుంతల్లో ఇవ్వాలో కూడా ముందే రాసి ఉంటుంది. ఏవి ముందు, ఏవి వెనక అనే వరసను కార్డు మీదే అచ్చు వేస్తారు.

మన సోముకు రెండు దెబ్బలు వచ్చాయనుకుందాం, 1వ గుంతలో ఒకటి, 7వ గుంతలో ఒకటి. ఇప్పుడు స్ట్రోక్ ప్లేలో అతని నెట్ 38. స్టేబుల్‌ఫోర్డ్‌లో ఇద్దరికీ 16 వచ్చి సమానం. మ్యాచ్ ప్లేలో రాము గెలుస్తాడు కానీ ఒక్క గుంత తేడాతో. ఏకపక్షంగా ఉన్న ఆట చివరి గుంత దాకా వచ్చింది చూశారా!

ధనవంతుల ఆట అని పేరుపడ్డ గోల్ఫ్‌లో, అందరూ ఒకే చోటు నుంచి బయలుదేరలేదన్న సంగతి రాసుకుని మరీ ఒప్పుకున్నారు. హ్యాండిక్యాప్ తీసుకున్నవాడిని "నీకు అర్హత లేదు" అని అక్కడ ఎవరూ అనరు. అందరూ తలెత్తుకుని ఆడతారు. మనలో కొందరం కాలేజీల్లో వేరే సందర్భంలో వేరే మాటలు విన్నవాళ్లం. అలాంటి మాట మళ్లీ వినిపించినప్పుడు ఈ ఉదాహరణ పనికొస్తుంది. రెండూ అచ్చంగా ఒకటే అని మేము అనడం లేదు. గోల్ఫ్‌లో చూసేది ఆ మనిషి ఆటనే, తరాల చరిత్రను కాదు. ఒలింపిక్స్‌లో, వృత్తి ఆటగాళ్ల పెద్ద పోటీల్లో హ్యాండిక్యాప్ ఉండదు కూడా. కానీ ఎత్తుపల్లాలు చూడకుండా కొలిస్తే అది సరైన కొలత కాదన్న సూత్రం రెండింటికీ ఒకటే.

6. సమానమైతే?

స్ట్రోక్ ప్లేలో ఇద్దరు సమానంగా ముగిస్తే ఏం చేయాలన్నది పోటీకో రకం. మాస్టర్స్‌లో ఒక్కో గుంత ఆడి ఎవరు ముందు గెలిస్తే వారిదే కప్పు. బ్రిటిష్ ఓపెన్‌లో 2019 నుంచి మూడు గుంతల మొత్తం చూస్తున్నారు. అమెరికా ఓపెన్‌లో ఒకప్పుడు మర్నాడు మొత్తం 18 గుంతలు మళ్లీ ఆడించేవారు. 2018 నుంచి రెండు గుంతల మొత్తానికి మార్చారు.

ఆ 18 గుంతల ప్లేఆఫ్‌లలో ఎప్పటికీ చెప్పుకునేది 1913 నాటిది. ఫ్రాన్సిస్ విమెట్ అనే 20 ఏళ్ల అమెరికా కుర్రాడి ఇల్లు ఆ కోర్స్‌కు ఎదురుగానే ఉండేది. చిన్నప్పుడు అక్కడ ఆటగాళ్ల సంచీలు మోసేవాడు. అలా మోసేవారిని క్యాడీలు అంటారు. ఆ కుర్రాడు అప్పటి మేటి ఆటగాళ్లు హారీ వార్డన్, టెడ్ రేలతో సమానంగా నిలిచి, ప్లేఆఫ్‌లో 72 కొట్టాడు. వార్డన్ 77, రే 78. ఆ రోజు విమెట్ సంచీ మోసిన పిల్లవాడి వయసు పదేళ్లు.

మన దేశంలోనూ అలాంటి కథ ఉంది. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా జీవితం మొదలుపెట్టిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచారు. ఆ పోటీ గెలిచిన తొలి భారతీయ వృత్తి ఆటగాడు ఆయనే. 1993లో మళ్లీ గెలిచారు. అర్జున అవార్డు కూడా అందుకున్నారు. ఇతరుల సంచీ మోస్తూ, వాళ్లు ఎలా కొడుతున్నారో, ఏ గుంత దగ్గర ఎందుకు తడబడుతున్నారో చూస్తూ ఆట నేర్చుకున్నవాళ్లు వీరు. ఎవరూ పిలిచి నేర్పలేదు.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మాట

ఈ వ్యాసం చదివి రేపే గోల్ఫ్ ఆడమని మేము అనడం లేదు. ఒక్కో సెట్టు ఖరీదు చూస్తేనే కళ్లు తిరుగుతాయి. కానీ ఒక ఆటను ఆడటానికి డబ్బు కావాలి కానీ అర్థం చేసుకోవడానికి అక్కర్లేదు. మన రీడింగ్ రూమ్‌లో పేపర్ వస్తుంది, ఫోన్లలో స్కోర్లు కనపడతాయి. వచ్చే ఆదివారం ఏదో ఒక పోటీ స్కోరు పట్టిక తీసుకుని పార్ ఎంత, ఎవరు ఎంత తక్కువ కొట్టారు, కట్ ఎక్కడ పడింది అని నలుగురు కూర్చుని లెక్క వేయండి. గంటలో వచ్చేస్తుంది. ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూ గదిలోనైనా, ఏ గ్రూప్ డిస్కషన్‌లోనైనా ఆ మాట వచ్చినప్పుడు మీరు తల దించుకోరు. "అది స్ట్రోక్ ప్లేనా, మ్యాచ్ ప్లేనా సార్?" అని మీరే తిరిగి అడుగుతారు.